ఖరీదైన గడియారము కొనవచ్చునా?



మన పల్లె సంఘములలో పెరిగి, చదువుకొని, పట్టణములకు వెళ్లిన యువతీయువకులు అనేకులు ఈ దినములలో మంచి జీతములు సంపాదించుచున్నారు. ఇది దేవుడు చేసిన మేలు. ఆ మేలుతో కూడ వారి తలిదండ్రులు ఎన్నడును ఎదుర్కొనని ప్రశ్నలు కొన్ని వచ్చినవి. వాటిలో నొకదానిని ఈ నెల ఆలోచింతము. ఒక విశ్వాసి స్వంత కష్టార్జితముతో, అప్పు చేయక, స్విట్జర్లాండు దేశపు కీ గడియారమును డెబ్బది వేల రూపాయలు పెట్టి కొనవచ్చునా? అమ్మువారు దీనిని అందుబాటులో నున్న విలాస వస్తువని పిలుచుచున్నారు. ఏలయనగా అదే దేశపు గడియారములలో లక్షలు, కోట్లు పలుకునవియు నున్నవి. వాటి ప్రక్కన ఇది చవుకగానే కనబడును.

ఈ ప్రశ్నకు తొందరపాటు జవాబులు రెండు గలవు. నా కష్టము, నా డబ్బు, నా యిష్టము అనునది ఒకటి. అది ఆడంబరము గనుక పాపము అనునది రెండవది. మొదటి జవాబు చెప్పువాడు తనకున్నదంతయు తనదే యనుకొనుచున్నాడు. రెండవ జవాబు చెప్పువాడు పాపమును వస్తువులో వెదకుచున్నాడు గాని మనుష్యుని హృదయములో వెదకుట లేదు. ఈ రెండింటిని ప్రక్కన పెట్టి నిదానముగా చూతము.

ఆ వస్తువు ఎట్టిది?

దేనినైనను మంచిదనుటకు గాని చెడ్డదనుటకు గాని ముందు అది ఏమిటో తెలిసికొనవలెను. కీ గడియారములో బ్యాటరీ ఉండదు. సన్నని లోహపు బద్దను చుట్టగా చుట్టిన స్ప్రింగు దాని బలము. కీ ఇచ్చినప్పుడు అది బిగిసికొని, మెల్లమెల్లగా విప్పుకొనుచు పండ్లచక్రములను త్రిప్పును. ఆ బలమంతయు ఒక్కసారిగా అయిపోకుండ ఒక చిన్న కొంకి చక్రమును ఆపుచు విడుచుచు నుండును. మనము వినెడి టిక్కు టిక్కు శబ్దము దానిదే. వెంట్రుక వంటి మరియొక స్ప్రింగుతో ఇటు నటు ఊగెడి బ్యాలెన్సు చక్రము ఆ కొంకిని క్రమము తప్పకుండ నడిపించును. నేటి గడియారములలో అనేకము గంటకు 28,800 మారులు కొట్టుకొనును. అనగా దినమునకు 6,91,200 మారులు. చేయి కదలినప్పుడెల్ల తనంతట తానే కీ ఎక్కునవియు గలవు. వాటిని తీసి పెట్టెలో పెట్టినయెడల నలుబది గంటలకో, కొన్ని ఎనుబది గంటలకో ఆగిపోవును.

ఇంత చిన్న వస్తువులో ఇంత పనితనము ఎట్లు చేరినది? ఆ చరిత్రలో మన ప్రొటెస్టెంటు సంఘములకును కొంత సంబంధమున్నది. 1541లో కాల్విన్ గారు జెనీవా పట్టణమునకు తిరిగి వచ్చి, 1564లో మరణించువరకు అచ్చటి సంఘమును దిద్దుచుండిరి. ఆ కాలమున పట్టణములో నగలమీదను, ఆడంబరపు వస్త్రములమీదను గట్టి కట్టుబాట్లు ఏర్పడెను. కంసాలులకు పని తగ్గిపోయెను. అయితే గడియారము నగ కాదు, ఉపయోగపడు వస్తువు గనుక వారిలో పలువురు తమ నేర్పును దానివైపు త్రిప్పిరి. ఫ్రాన్సు దేశములో విశ్వాసము నిమిత్తము హింసింపబడిన హ్యూగెనోట్లు అనేకులు జెనీవాకు పారిపోయి వచ్చిరి. వారిలో గడియారములు చేయువారును ఉండిరి. 1601 నాటికి ఆ పట్టణమున గడియారపు పనివారి సంఘమొకటి వెలసినది. తరువాత ఆ పని జూరా కొండలకు ప్రాకెను. ఆ కొండలలో దానియేల్ జాన్‌రిషార్ అను కుర్రవాడు, గుఱ్ఱముల వర్తకుడొకడు తెచ్చిన చెడిపోయిన గడియారమును బాగుచేసి, దానిని చూచి తానే యొకటి చేసెనని అచ్చటివారు కథగా చెప్పుకొందురు. మంచు కురిసి పొలము పనులు నిలిచిపోయిన శీతకాలమున ఆ కొండ రైతులు కిటికీ వెలుగున కూర్చుండి గడియారపు భాగములు చేయుచు పొట్ట పోసికొనిరి. ఆ కొండలలోని ల లోక్ల్ అను ఊరిని, పొరుగుననున్న ల షో ద ఫోన్ పట్టణమును 2009లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలములుగా గుర్తించినది.

చదువరులారా, ఇచ్చట ఒక సంగతి గమనింపుడి. నగలు వద్దన్న పట్టణములో ఉపయోగపు వస్తువుగా వర్ధిల్లిన గడియారమే నేడు నగయై కూర్చున్నది. కట్టుబాటు నగను ఆపగలిగెను గాని, ఇతరులకంటె మెరుగుగా కనబడవలెనను కోరికను ఆపలేకపోయెను. ఆ కోరిక దొరికిన వస్తువులో ప్రవేశించును. కాబట్టి ఫలానా వస్తువులు కొనకూడదని జాబితా వ్రాసి సంఘపు తలుపుకు అంటించుటవలన ఈ ప్రశ్న తీరదు.

కొనువాడు కొనునదేమి?

కాలము తెలియుటకే కొనుచున్నానని ఎవడైనను చెప్పినయెడల అతడు తన్ను తాను మోసపుచ్చుకొనుచున్నాడు. 1969 డిసెంబరు 25న జపాను దేశమున సీకో సంస్థ క్వార్ట్జు చేతిగడియారమును అమ్మకమునకు పెట్టెను. దానిలో చిన్న స్ఫటికము బ్యాటరీ బలముతో కంపించుచు కాలమును లెక్కించును. నేటి సామాన్యమైన క్వార్ట్జు గడియారములలో ఆ కంపనము సెకనుకు 32,768 మారులు. కొన్ని వందల రూపాయలకు దొరకెడి అట్టి గడియారము నెలకు సుమారు పదునైదు సెకనులు అటో ఇటో తప్పును. స్విట్జర్లాండులో పదునైదు దినములు పరీక్షించి క్రోనోమీటరని పత్రమిచ్చు కీ గడియారమైనను దినమునకు నాలుగు సెకనులు వెనుకబడుటకును, ఆరు సెకనులు ముందుకుపోవుటకును అనుమతి గలదు. ఆరు సెకనుల చొప్పున నెలకు మూడు నిమిషములు! చేతిలోని ఫోను ఈ రెండింటికంటెను సరిగా చెప్పును. కాలము చెప్పుటలో చవుకది గెలిచినది. 1970లో స్విస్ గడియారపు పనిలో సుమారు 90,000 మంది యుండగా, పదునైదు ఇరువది యేండ్లలో వారి సంఖ్య ముప్పది వేల చిల్లరకు పడిపోయెను. కొండ ఊళ్లలో ఎన్నో కుటుంబములు పని పోగొట్టుకొనెను.

అయినను ఆ గడియారములు నిలిచినవి. ఏలయనగా జనులు వాటిలో కాలము గాక వేరొకటి కొనుచున్నారు. అది మూడు విధములని మాకు తోచుచున్నది: పనితనము, జ్ఞాపకము, గౌరవము.

పనితనము మెచ్చుకొనుట పాపము కాదు. నిర్గమకాండము 31వ అధ్యాయమున బెసలేలు చేతులకు నేర్పు నిచ్చినవాడు దేవుడే యని చదువుచున్నాము. పోచంపల్లి నేతగాడు మగ్గముమీద దినముల తరబడి నేసిన చీరకు మిల్లు చీరకంటె ఎక్కువ ధర ఇచ్చునప్పుడు మనము దానిని దుబారా అనము. చేతిపనిని బ్రతికించితిమని సంతోషింతుము. కొండ దేశపు పనివాని విషయములోను అదే న్యాయము. అయితే ఒక జాగ్రత్త వలయును. మనమిచ్చు ధరలో పనితనమునకు చెందునదెంత, పేరునకును ప్రకటనలకును చెందునదెంత అని అడుగవలెను. 2017 మొదలు ఆ దేశపు చట్టము ప్రకారము, గడియారమును చేయుటకు పట్టు ఖర్చులో నూటికి అరువది వంతులైనను స్విట్జర్లాండులో అయినప్పుడే దానిమీద స్విస్ మేడ్ అని వ్రాయవచ్చును. మిగిలిన నలుబది వంతులు మరెక్కడనైనను కావచ్చును. ముద్ర చూచి కన్నులు చెదరక, వస్తువును చూచి కొనుట తెలివి.

జ్ఞాపకమును పాపము కాదు. కీ గడియారము బాగుచేయించుకొనిన కొలది నడచును. తండ్రి చేతిది కొడుకు చేతికి వచ్చును. అయితే దీనికి స్విట్జర్లాండు వరకు పోనక్కరలేదు. 1961లో జపాను సిటిజన్ సంస్థ సహాయముతో బెంగుళూరులో హెచ్.ఎం.టి. వారు గడియారములు చేయ నారంభించిరి. 2016లో ఆ గడియారపు శాఖను మూసివేయుటకు ప్రభుత్వము నిర్ణయించెను. ఆ గడియారములు నేటికిని ఎందరో రిటైరైన ఉపాధ్యాయుల చేతులమీద నడచుచున్నవి. జ్ఞాపకము ధరనుబట్టి రాదు, కట్టుకొనినవాని బ్రదుకునుబట్టి వచ్చును.

మూడవది గౌరవము. తగవంతయు ఇక్కడనే యున్నది. నన్ను చూచువాడు నా చేయి చూడవలెను, చూచి నా స్థానము తెలిసికొనవలెను అను తలంపు గడియారములో లేదు. అది మనలో నున్నది. తన్ను తాను పరీక్షించుకొనగోరువాడు ఒక ప్రశ్న వేసికొనవచ్చును: ఈ గడియారపు పేరు మన ఊరిలో ఎవరికిని తెలియదని నిశ్చయముగా తెలిసినను దీనిని కొందునా? కొందునన్నయెడల పనితనముమీది ప్రేమ నిజమైనది. కొననన్నయెడల అతడు కొనునది ఇతరుల చూపులనే.

మూడువందల దేనారములు

ఇట్టి సంగతులు మాటలాడునప్పుడు కొందరు యోహాను సువార్త 12వ అధ్యాయమును ముందుకు తెత్తురు. బేతనియలో మరియ మిక్కిలి విలువైన అత్తరును ప్రభువు పాదములకు పూసెను. దానిని అమ్మి బీదలకు ఇయ్యకూడదా యని యూదా అడిగెను. ప్రభువు మరియ పక్షమున మాటలాడెను. కాబట్టి ఖరీదైన వస్తువు తప్పు కాదని వీరు వాదింతురు. సరే, ఆ లెక్క చూతము. దేనారము ఒక దినపు కూలి. మూడువందల దేనారములనగా కూలివాని సంవత్సరపు కష్టము. నేడు దినకూలి 500 రూపాయలనుకొన్నయెడల మన గడియారపు డెబ్బది వేలు 140 దినముల కూలి. మరియ ఖర్చు ఇంతకు రెండింతలకు పైమాట. ప్రేమ అప్పుడప్పుడు లెక్క చూడకుండ ఖర్చుపెట్టునని ఈ భాగము నేర్పుచున్నది, సత్యమే. కాని మరియ ఆ అత్తరును తనకు పూసికొనలేదు! ఆమె ఇచ్చివేసెను. మనము కొనునది మన చేతికే కట్టుకొందుము. ఇచ్చినదాని మెప్పును ఉంచుకొనినదానికి వాడుకొనుట న్యాయము కాదు.

వస్త్రధారణమునుగూర్చిన ప్రసంగములో జాన్ వెస్లీ గారు తన ఆక్స్‌ఫర్డు దినముల సంగతి యొకటి చెప్పియున్నారు. చలికాలమున ఒక బీద పిల్ల పలుచని నార గౌను తప్ప మరేమియు లేక వచ్చి నిలిచెను. ఆయన జేబులో చేయి పెట్టగా చిల్లర తప్ప మిగులలేదు. ఉన్న డబ్బు అంతకుముందే ఖర్చైపోయెను. తన గది గోడల అలంకారమునకు పోయిన డబ్బు ఈ పిల్లకు చలి తప్పించియుండును గదా యని ఆయన మనస్సాక్షి ఆయనను గద్దించెను. పటములు పాపమని ఆయన అనలేదు. ఆ డబ్బుకొరకు వేరొకరు కనిపెట్టుకొని యున్నారని తెలిసికొనెను.

ఇట్లు ఆలోచించినయెడల ఇక గోడకు పటము, తలకు మల్లెపూలు, పండుగకు పలావు ఏదియు ఉండకూడదా యని ఎవరైనను అడుగవచ్చును. మంచి ప్రశ్నయే. అనుభవించుటకే దేవుడు మనకు సమస్తమును ధారాళముగా ఇచ్చుచున్నాడని పౌలు తిమోతికి వ్రాసిన మొదటి పత్రిక 6వ అధ్యాయము తెలుపుచున్నది. అదే చోట, ధనమును నమ్ముకొనక ఇచ్చుటయందు ధనవంతులు కావలెననియు నున్నది. ఈ రెండును ఒకే నోటి మాటలు. సంతోషమును నిషేధించువాడును, ఇచ్చుటను మరచువాడును ఆ భాగములో సగమే చదివినవారు.

అందుబాటు అనగా నెవరికి?

ఇప్పుడు మన యింటి సంగతికి వత్తము. అందుబాటు అను మాటకు కొలత ఏమి? జీతము గీటురాయి కాదు. మన దేశములో చేతిగడియారము చాల కాలము పెండ్లికుమారుని కోరికల జాబితాలో నుండెను. సైకిలు, రేడియో, వాచీ అని వరుసగా అడిగెడివారు. వాచీ రాలేదని అలకపాన్పు దిగని అల్లుళ్లను మన పెద్దలు చూచియున్నారు. 1961లో వరకట్న నిషేధ చట్టము వచ్చినది. పేరు మారినది గాని ఆశ చావలేదు. సైకిలు పోయి కారు వచ్చెను, నాటి వాచీ పోయి స్విస్ వాచీ వచ్చెను. యౌవనులారా, మీ మామగారు అరెకరము తాకట్టు పెట్టి మీ చేతికి కట్టిన గడియారము దినమునకు ఎన్ని సెకనులు తప్పినను లెక్క లేదు. ఆ యింటిలో మాత్రము ప్రతి నెల వడ్డీ తప్పకుండ లెక్కకు వచ్చును. మాకు అడుగ నక్కరలేదు, వారే ఇష్టముతో పెట్టిరి అని చెప్పుకొనకుడి. ఆడపిల్ల తండ్రి ఇష్టము ఎంతో, భయము ఎంతో మీరెరుగుదురు.

వాయిదాలమీద కొనుటయు ఇట్టిదే. రాబోవు నెలల కష్టమును ఇప్పుడే అమ్ముకొని ఆడంబరము కొనువాడు, ఆ నెలలలో ఇంటికి జబ్బు వచ్చినయెడల ఏమి చేయును? నకలు గడియారము కొనువాని సంగతి వేరు. కొన్ని వందలకే గొప్ప పేరు వ్రాసిన గడియారము బజారులో దొరకును. అది పనివాని పేరును దొంగిలించి, చూచువానితో అబద్ధమాడును. డెబ్బది వేలు పెట్టి నిజమైనది కొనినవానికంటె వీడు తక్కువ ఆడంబరుడని తలంచకుడి. వీనికి డబ్బు లేదు గాని ఆశ అంతయు ఉన్నది.

మరియొక కొలత గలదు. కూలివాని కూలి తెల్లవారువరకు మనయొద్ద ఉండకూడదని లేవీయకాండము 19వ అధ్యాయము ఆజ్ఞాపించుచున్నది. నాట్లకు వచ్చిన స్త్రీలకు వచ్చే వారము రండి అని చెప్పి పంపిన చేతికి కొత్త గడియారము అందుబాటులో లేదు. తల్లి కంటి ఆపరేషను వేసవికి చూతమని వాయిదా వేసినవానికిని అది అందుబాటులో లేదు. అతని బ్యాంకు పుస్తకములో ఎంత యున్నను సరే.

సంఘము చేయు తప్పు

తప్పంతయు కొనినవానిమీద వేయుట న్యాయము కాదు. యాకోబు పత్రిక 2వ అధ్యాయమున బంగారు ఉంగరము పెట్టుకొనినవానికి మంచి పీట వేసి, మురికి బట్టలవానిని నిలువబెట్టిన సమాజమును అపొస్తలుడు గద్దించుచున్నాడు. ఉంగరము పెట్టుకొనినవానిని కాదు, పీట వేసినవారిని! పట్టణమునుండి క్రిస్మసుకు వచ్చిన యువకుని చేయి చూచి ముందు వరుసకు పిలుచువారమును మనమే. అతడు వెళ్లిన పిమ్మట గర్వి యని చెప్పుకొనువారమును మనమే. ఆ గడియారముమీద గుసగుసలాడు పెద్దమనిషి జేబులో అంతే ఖరీదు గల ఫోను ఉండవచ్చును. నాలుగైదేండ్లకు అది మూలపడును, గడియారమో ఇంకను నడచుచుండును. ఇతరుని విలాసము కనబడినంత స్పష్టముగా మన విలాసము మనకు కనబడదు. తీర్పు తీర్చుటనుగూర్చి రోమా పత్రిక 14వ అధ్యాయమును ఇంటిల్లిపాదియు చదివికొనుట మేలు.

చివరకు మేము చెప్పునదేమనగా, కొనవచ్చును. అయితే ఒక పద్ధతిని పాటింపుడి. కొనవలెనని తోచిన దినమున కొనకుడి. ఆ డబ్బును ప్రత్యేకించి ఒక సంవత్సరము ఉంచుడి. ఆ సంవత్సరములో మీ యింట గాని, మీ పనివారి యిండ్లలో గాని, మీ సంఘములో గాని నిజమైన అక్కర వచ్చినయెడల ఆ డబ్బు ముందుగా దానికి పోవలెను. కొందరి విషయములో అది గడియారము కాక ఒక బాలిక నర్సింగు ఫీజు అగును. కొందరి విషయములో సంవత్సరాంతమున డబ్బు అట్లే యుండును. అట్టివారు కొనుడి, కృతజ్ఞతతో కట్టుకొనుడి, భయపడకుడి. పనివాని నేర్పును చూచి సంతోషించుడి. ఎవరైనను ధర అడిగినయెడల నిజము చెప్పుడి. చెప్పుటకు సిగ్గు వేసినయెడల ఆ సిగ్గు ఎందుకు వచ్చినదో ఆ రాత్రి ప్రార్థనలో అడుగుడి.

ఒక చిన్న మనవి. ఏ గడియారము కట్టుకొనినను ఆదివారము గంట కొట్టువేళకు రండి. రెండవ కీర్తన అయిన తరువాత లోపలికి వచ్చువారిలో గడియారము లేని కూలి స్త్రీలకంటె గడియారమున్నవారే ఎక్కువగా నున్నారని మన సంఘములన్నిటిలో కాపరులు చెప్పుకొనుచున్నారు.